దిగని గీత

ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే బస్సులో నా పక్కన ఒక పెద్దాయన కూర్చున్నాడు. ఒళ్లో నూలు సంచి ఉంది. మగ్గం మనిషని చూడగానే తెలిసిపోతోంది. నేను లాప్‌టాప్ తెరిచి, మా మందుల కంపెనీ ఆఫీసు కోసం క్యాన్సర్ రోగుల లెక్కలతో గీసిన పటం సరిచూసుకుంటున్నాను.

"మెట్ల మాదిరి ఉండాదే, ఏందప్పా అది?" అన్నాడు.

మందు వాడినవాళ్లు ఎన్నాళ్లు బతికారో చూపే గీత అని చెప్పాను. ఎవరైనా చనిపోయినప్పుడల్లా అది ఒక మెట్టు దిగుతుంది. లేకపోతే తిన్నగా పోతుంది.

"సచ్చిపోయినారని మీకెట్ల తెలుస్తాది?"

"ఆస్పత్రికి రాకపోతే ఇంటికి ఫోన్ చేసి అడుగుతారు. బాగున్నారంటే గీత దిగదు."

ఆయన తిన్నగా పోతున్న గీత వైపు వేలు చూపించాడు.

"మా ఇంటామెకూ ఈ జబ్బే. ఆమె పోయినాక గూడా ఆస్పత్రోళ్లు ఫోన్ సేస్తాండారు. నరసమ్మ ఎట్లుండాది అని అడుగుతారు. బాగుండాదని సెప్తాండాను."

"ఎందుకట్లా?"

"పోయిందని సెప్తే మల్లా ఫోన్ సెయ్యరు గదప్పా. ఆమెను పేరు పెట్టి అడిగేటోళ్లు ఇంక యాడుండారు?"

నేను లాప్‌టాప్ మూసేశాను. ఎమ్మిగనూరులో ఆయన సంచి భుజాన వేసుకుని దిగిపోయాడు.

ఇప్పటికీ ఏ పటంలోనైనా గీత దిగకుండా చాలా దూరం పోతే మా ఆఫీసులో అందరూ సంతోషిస్తారు. నాకు మాత్రం పక్క సీట్లోంచి ఎవరో "బాగుండాది" అంటున్నట్టు వినిపిస్తుంది.