కోడలి గొంతు

కోడలి కుట్టుదుకాణం వీడియోను మామగారు రోజూ కళ్లజోడు నుదుటికెక్కించి, ఫోను ముక్కు దగ్గర పెట్టుకుని, చూపుడువేలితో ఒక్కొక్క గ్రూపుకీ పంపుతారు. పంపి ఊరుకోరు, ఫోన్ చేసి "చూశావా?" అని ప్రాణం తీస్తారు. అందులో మాట్లాడింది కోడలే, తన నత్తితోనే. "ఆ మాటలు తీసేసి పాట పెట్టించరా, బాగుంటుంది" అన్నాడు పాత స్నేహితుడు. "పాటలు ఎక్కడైనా దొరుకుతాయిరా. మా అమ్మాయి గొంతు ఇక్కడే దొరుకుతుంది" అని, అదే వీడియో అతనికి మళ్లీ పంపారు.

ఆ సాయంత్రం ఎవరో కొత్తావిడ జాకెట్టుగుడ్డతో గుమ్మంలో నిలబడి, "వీడియోలో మాట్లాడింది ఎవరండీ?" అంది. మామగారు జవాబు చెప్పబోయి గబుక్కున నోరు మూసుకున్నారు. కోడలు మెడలో టేపు సర్దుకుని, "నే... నేనేనండీ. లో... లోపలికి రండి" అంది. ఆ మాట ఇంకెవరైనా విన్నారో లేదోనని మామగారు వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా గర్వంగా చూశారు.