సారమ్మకు ముగ్గురు పిల్లలు

మా కరీమాబాద్‌లో సారమ్మను ఎరగనివారు లేరు. దవాఖానలో ముప్పై ఏళ్లు ఆయాగా పనిచేసి, భర్త పోయాక ఒంటరిగా ఉండేది. చిన్న కొడుకు శాంసన్ మంచిర్యాల బొగ్గు గనుల్లో కార్మికుడు. రెండు గదుల క్వార్టరులో ఆరుగురు. కూతురు ప్రీతి ఆస్ట్రేలియాలో, అడిలైడ్ నగరంలో నర్సు. పెద్దకొడుకు దానియేలు 2006 మార్చిలో భివండి మగ్గాల పనికని కాజీపేటలో రైలెక్కాడు. ఆ తరువాత మనిషీ రాలేదు, జాబూ రాలేదు. అప్పుడు పోలీసులకు ఇచ్చిన ఫిర్యాదు నకలు నేటికీ నా దగ్గర ఉంది. దాన్ని రాసిపెట్టినవాణ్ని నేనే.

2014 ఆగస్టు పందొమ్మిదిన రాష్ట్రమంతటా ఒకే రోజు ఇంటింటి సర్వే జరిగింది. ఆ రోజు ఇంట్లో కనబడనివాడు ఇక ఏ లెక్కలోనూ ఉండడని పుకారు. ఎక్కడెక్కడి జనమో బస్సులకు వేలాడుతూ ఇళ్లు చేరారు. ఉపాధ్యాయుడిగా ఆ వీధి వివరాలు రాసే పని నాకు పడింది.

“పెద్దోడు సుత వచ్చిండు సార్. లోపట పన్నడు. జరమున్నది, లేపకున్రి,” అన్నది సారమ్మ.

గడప దగ్గర నిలబడి లోపలికి చూశాను. బొంత కింద మనిషి ఆకారం. ఎనిమిదేళ్లకు బిడ్డ ఇల్లు చేరాడని సంతోషించాను. దానియేలు, ముప్పై ఒకటి, కూలీ అని రాసి సంతకం చేశాను. మరునాడు పలకరించబోతే మంచం ఖాళీగా ఉంది. “పనికి పోయిండు,” అన్నది, నా ముఖం చూడకుండా. 2024 నవంబరులో మళ్లీ సర్వే వచ్చింది. అప్పుడూ ఆమె ఆ పేరు చెప్పింది, వచ్చినవారు రాసుకున్నారు.

నిరుడు ప్రీతి తల్లిని శాశ్వతంగా తన దగ్గరికి తీసుకుపోవాలనుకుంది. ఆస్ట్రేలియా నిబంధనలు అచ్చు తీయించి చదివాను. శాశ్వత వీసాకు తల్లిదండ్రుల సంతానంలో కనీసం సగం మంది ఆ దేశంలో స్థిరపడి ఉండాలి. సారమ్మకు ముగ్గురు, అక్కడున్నది ఒక్కతే. చనిపోయిన బిడ్డను లెక్కలోంచి తీసేస్తారు. జాడ తెలియని బిడ్డను చివరిసారి ఉన్న దేశంలోనే ఉన్నట్టు లెక్కిస్తారు. తల్లి గుండెను తక్కెడలో పెట్టి తూచే ఈ సూత్రాన్ని రాసిన మహానుభావుడికి, బిడ్డ ఉన్నాడో లేడో తెలియక ఇరవై ఏళ్లు బతికిన తల్లి ఒక్కతైనా ఎదురుపడి ఉండదు. దానియేలు చనిపోయాడని కాగితం ఉంటే లెక్క ఇద్దరిలో ఒకరవుతుంది, సారమ్మ వెళ్లగలదు. లేకపోతే లేదు.

వకీలు శ్యాంసుందర్ కాగితాలన్నీ తిరగేసి తల పట్టుకున్నాడు.

“ఏడేండ్లు జాడ లేకుంటే సచ్చిపోయినట్టే కోర్టు ఒప్పుకుంటదమ్మా. నీ కాగితాలల్లనేమో వాడు మొన్ననే ఇంట్ల ఉన్నడాయె! ఉన్నడా, లేడా?”

“రెండు మెత్తలు పెట్టి బొంత కప్పిన సార్,” అన్నది సారమ్మ, నా వైపు చూసి. “పేరు కొట్టేస్తే వాడొచ్చి ఏ ఇంటోన్నని చెప్పుకుంటడు?”

“మరి మెత్తల పేరు మీద రేషన్ బియ్యం గిట్ల తెచ్చినవా?”

“వేలిముద్ర యాడికెల్లి తేవాలె సార్?”

శ్యాంసుందర్ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. రెండు దిండ్ల మీద కప్పిన ఆ బొంత ఆ రోజు కదిలినట్టు నాకు బాగా గుర్తు.

దావా వేశారు. ప్రీతి రోజూ వీడియోలో బతిమాలేది. “అమ్మా, అన్న ఉంటే ఇన్నేండ్లల్ల ఒక్క ఫోన్ చెయ్యకపోవునా? నువ్వక్కడ పడిపోతే నిన్నెవరు లేపుతరే? ఒక్క మాట చెప్పు, చాలు.”

సారమ్మ తలూపేది. బోనెక్కే రోజున ఉతికిన తెల్ల చీర కట్టుకుని వచ్చింది. సర్వేల్లో చెప్పింది అబద్ధమేనని ఒప్పుకుంది. 2006 తరువాత కొడుకును చూడలేదని, కబురు వినలేదని చెప్పింది. శ్యాంసుందర్ ముఖం వికసించింది. చివరగా జడ్జి మెల్లగా అడిగారు: “అయితే అమ్మా, మీ కొడుకు మరణించినట్టు ప్రకటించమని కోరుతున్నారా?”

ఆమె బోను కర్రను రెండు చేతులా పట్టుకుంది.

“లేదు సార్. అది నా నోటితోని అడగ.”

దావా వాపసు తీసుకున్నారు. కోర్టు వరండాలోంచి ఫోన్ చేస్తే ప్రీతి ఏడ్చింది, తల్లిని తిట్టింది, చివరికి తగ్గింది. సంతానం లెక్క అడగని తాత్కాలిక వీసా ఒకటి ఉంది. ఒక విడతకు గరిష్ఠంగా ఐదేళ్లు ఉండనిస్తారు, శాశ్వత నివాసం మాత్రం దాని మీద రాదు. దానికే దరఖాస్తు చేశారు. కుటుంబ వివరాలు నేనే నింపాను. “ముగ్గురు పిల్లలని రాయి సార్,” అన్నది సారమ్మ. అలాగే రాశాను. బయలుదేరేముందు ఒకటే అడిగింది: “నేను లేనప్పుడు వాడొస్తే?” శాంసన్ ఫోన్ నంబరు తలుపు మీద సుద్దతో రాసిపెడతానని మాట ఇచ్చాను, రాశాను.

మొన్న ఫిబ్రవరిలో ఆమె విమానమెక్కింది. పదహారో రోజున పక్కింటి మల్లక్క నన్ను ఆపింది.

“సార్, నిన్న పొద్దుగూకే యాళ్లకు సారమ్మ తలుపు ఎవరో కొట్టిన్రు. మూడుసార్లు. చెయ్యి కడుక్కొని నేనొచ్చేటాళ్లకు ఎవ్వరు లేరు.”

వెళ్లి చూశాను. వేసిన తాళం వేసినట్టే ఉంది. శాంసన్‌ను అడిగితే తనకు ఏ ఫోనూ రాలేదన్నాడు. తేదీ, సమయం రాసి పెట్టుకున్నాను. ప్రతి ఆదివారం సారమ్మ అడిలైడ్ నుంచి ఫోన్ చేసి, ఇల్లు ఎట్లున్నదని అడుగుతుంది. బాగానే ఉందంటున్నాను.