కోమో చెరువుకి ఒక్క దినం

పోయిన నెల ఒక బుధవారం మధ్యాహ్నం, ఎలక్ట్రానిక్ సిటీలో మా ఆఫీసు క్యాంటీన్‌లో పెరుగన్నం తింటుంటే అవ్వ ఫోన్ చేసింది. అవ్వ తనంతట తాను ఎవరికీ ఫోన్ చేసే మనిషి కాదు. "పాపా, తాత పోయినాడు. రెండుంబావుకి," అంది. అంతే, పెట్టేసింది. చావు కబురు కూడా టైముతో సహా చెప్పింది చూశారా! ఆ మనిషితో నలభై ఏళ్ళు కాపురం చేస్తే ఎవరికైనా అదే అలవాటవుతుంది. నేను చెయ్యి కడుక్కోవడం కూడా మర్చిపోయి పరిగెత్తాను.

తాత అంటే నాకు చుట్టమేమీ కాదు. నగర్తపేటలో నేను ఆరేళ్ళు అద్దెకున్న ఇంటి ఓనరు. తొంభైల చివర్లో గుంటూరు నుంచి ఉద్యోగానికి వచ్చినప్పుడు మా నాన్న వెతికి వెతికి ఆ ఇంటి మేడ మీద గది కుదిర్చాడు. అద్దె తక్కువ, కంపెనీ బస్సు టౌన్‌హాల్ దగ్గర ఆగుతుంది, ఓనర్లు తెలుగువాళ్ళు. ఆ తెలుగు విని మొదటి వారం నేను తెగ నవ్వుకున్నాను. "నీళ్ళు ఉండాదా పాపా?" "ఊటా అయిందా అప్పా?" ఊటా అంటే భోజనమట. సగం కన్నడం, సగం రాయలసీమ. ఏడాది తిరిగేసరికి నేను ఊరికి ఫోన్ చేసి, సరే అనే బదులు "ఆయ్తు, పెట్టేస్తాండా" అంటే మా అమ్మ గాభరా పడింది.

తాతది అట్టలు కొట్టే పని. పట్టుచీర మీద రాబోయే నెమలిని ముందు గళ్ళ కాగితం మీద గీస్తారు, ఒక్కో గడి ఒక్కో పోగు. ఆ గళ్ళ ప్రకారం అట్టముక్కలకు రంధ్రాలు కొట్టి, వరసగా కుట్టి మగ్గం మీద వేలాడదీస్తారు. ఏ పోగు లేవాలో ఏది కిందే ఉండాలో మగ్గానికి ఆ రంధ్రాలే చెబుతాయి. ఒక్క రంధ్రం తప్పితే నెమలికి ముక్కుండదు. కింద గదిలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా టక్ టక్ అని ఆ చప్పుడే. మొదట్లో చిరాకు పడేదాన్ని, తర్వాత ఆదివారం అది లేకపోతే తోచేది కాదు.

ఆ గళ్ళ కాగితం మీదే తాత ప్రయాణాలు కూడా గీసేవాడు. గడికి అయిదు నిమిషాలు. మా సందులో ఎవరు తలకాడు పోవాలన్నా, శివనసముద్రం పోవాలన్నా ముందు తాత దగ్గరికి రావాల్సిందే. మనిషికో రంగు పెన్సిల్ గీత. బస్సెక్కేది, టిఫిను తినేది, స్నానం చేసేది, అన్నీ గళ్ళలో ఉంటాయి. షుగరున్న మనిషి ఉంటే గంటకో గడి ఊరికే వదిలేవాడు, ఎందుకో పైకి చెప్పేవాడు కాదు. గీయడం మాత్రం కాగితం కింద నుంచి మొదలుపెట్టేవాడు, అంటే ఇంటికి తిరిగొచ్చే గడి నుంచి. "ముందు ఇల్లు చేరు, ఆమీద బయల్దేరు" అనేవాడు. ఆ చివరి గడి ఎప్పుడూ ఒకటే, దీపాలు పెట్టే వేళ, ఆరున్నర. పెన్సిల్‌తో కాదు, ఆ ఒక్కటీ ఇంకుతో రాసేవాడు.

నాకు ఒళ్ళు పొగరు కదా! ఒకసారి ఆయన కాగితం లేకుండా ఆఫీసువాళ్ళతో నంది కొండకు పోయి, చివరి బస్సు పోగొట్టుకుని పూల వ్యాన్‌లో బంతిపూల బుట్టల మధ్య కూర్చుని వచ్చాను. మర్నాడు తాత నా తలుపు కింద నుంచి ఖాళీ గళ్ళ కాగితం ఒకటి లోపలికి తోశాడు. ఆ తర్వాత పక్కనున్న మెజెస్టిక్ బస్టాండు దాకా పోవాలన్నా ఆయన్ని అడక్కుండా పోలేదు.

ఆయన గీసిన ప్రయాణాలన్నీ ఒక్కరోజువే. రాత్రి బయట పడుకునే ప్రయాణం ఒక్కటీ లేదు. ఎందుకని అడిగితే అవ్వే చెప్పింది. తాత కుర్రాడుగా ఉన్నప్పుడు ఆయన గురువు దగ్గర ఒక గుడ్డముక్కల పుస్తకం ఉండేదట. అవన్నీ ఇటలీలో కోమో అనే ఊళ్ళో నేసిన పట్టు, చిన్న చిన్న డిజైన్లు, ఆవగింజంత పువ్వుకి ఏడు రేకులు. ఆ ఊరు ఒక పెద్ద చెరువు ఒడ్డున ఉంటుందని గురువు చెప్పాడు. పెళ్ళయిన కొత్తలో తాతకి పని ఇచ్చే షావుకారు ఒకడు, నెలరోజులు అక్కడికి పంపిస్తాను, డిజైన్లు చూసి రమ్మన్నాడట. సరిగ్గా ఆ వారమే అవ్వ మేడమెట్ల మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకుంది. అది సరిగా అతకలేదు, ఇప్పటికీ కుంటుతుంది. తాత పోలేదు. ఆ రోజు నుంచి ఒక్క రాత్రి కూడా ఆ ఇల్లు వదిలి పడుకోలేదు.

"నెల అన్నారు. ఒక్క దినం అనుంటే పోయి వచ్చేసేవాణ్ణి," అని తాత నవ్వేవాడు. నవ్వేవాడే కానీ గోడకి వేలాడే క్యాలెండర్ వెనక ఒక కాగితం మడిచి పెట్టుకున్నాడు. పైన "కోమో చెరువుకి ఒక్క దినం" అని రాసుంది. కింద ఇంకుతో ఆరున్నర గడి. మధ్యలో అంతా ఖాళీ. బండి టైములు ఆయనకి ఎవరు చెబుతారు?

రెండువేల మూడులోనో నాలుగులోనో, నన్ను మూడు వారాలు మిలాన్‌కి పంపిస్తామని మా కంపెనీలో అన్నారు. సంతోషపడాల్సింది పోయి నాకు వణుకు పుట్టింది. అప్పటిదాకా నేను ఒంటరిగా గుంటూరు కూడా పోలేదు, నాన్న వచ్చి తీసుకుపోయేవాడు. పోనని చెప్పేద్దామని నిశ్చయించుకుని, కాస్త జాలిపడతాడని తాత దగ్గర కూర్చుని ఏడ్చాను. తాత సుత్తి కింద పెట్టి, "మిలాన్ నుంచి కోమో ఎంత దూరం పాపా?" అన్నాడు. నా ఏడుపు ఆయన చెవిన పడితే ఒట్టు.

మర్నాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని, విభూతి పెట్టుకుని, అవెన్యూ రోడ్డులో ఇంటర్నెట్ సెంటర్‌కి నాతో బయల్దేరాడు. కంప్యూటర్ ముందు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. మిలాన్ నుంచి కోమోకి రెండు దారులున్నాయి. ఒక బండి తొందరగా పోతుంది కానీ ఊరి పైనెక్కడో దింపి ముందుకు పోతుంది. ఇంకోటి గంట పడుతుంది, చెరువు ఒడ్డునే ఆఖరి స్టేషన్.

"రెండోది రాసుకో," అన్నాడు.

"అది లేటు కదా తాతా?"

"ఆఖరి స్టేషనైతే నువ్వు నిద్రపోయినా ఊరు తప్పిపోదు. మాట్లాడకుండా సుమ్నే రాయి."

వారం రోజులు కూర్చుని నింపాం ఆ క్యాలెండర్ వెనక కాగితాన్ని. స్టేషన్ నుంచి పడవల రేవుకి ఎన్ని గడులు, పడవలో ఎన్ని గడులు, అవతలి ఊళ్ళో తిరిగేది ఎన్ని గడులు. అవ్వ మధ్యలో వచ్చి "బిడ్డ తినేది ఎప్పుడు రాసినారు?" అని అడిగితే, తాత నాలుక్కరుచుకుని ఆరు గడులు చెరిపి తిండికిచ్చాడు. తాడుతో లాగే బండిలో కొండెక్కితే చెరువంతా కనిపిస్తుందని కంప్యూటర్‌లో ఉంది. దానికి మాత్రం గడులు చాల్లేదు. "పోనీలే. చీకటి పడేలోగా నువ్వు గదికి చేరాల," అన్నాడు. నకలు తీసి నా చేతిలో పెట్టాడు. అందులో రెండు గీతలున్నాయి, ఒకటి ఎర్రది, ఒకటి నీలం.

"పోయేది నేనొక్కదాన్నే కదా, రెండు గీతలెందుకు తాతా?"

"ఒంటిపోగు తెగిపోతాది పాపా. రెండు పోగులు కలిపి పురి వేస్తేనే నిలబడేది." ఆ మాటకి ఏడుపూ వచ్చింది, ధైర్యమూ వచ్చింది. పోనని చెప్పడానికి రాసి పెట్టుకున్న ఉత్తరం చించేశాను.

జూన్ నెల. శనివారం మధ్యాహ్నం మిలాన్‌లో దిగి, నాలుగింటికే ఒళ్ళు తెలియకుండా పడుకున్నాను. మర్నాడు ఆదివారం నాకున్న ఒకే ఒక్క సెలవు, తర్వాతి ఆదివారాలు కూడా పనే. చేతిలో కాగితం పట్టుకుని బయల్దేరాను. ఏం చెప్పమంటారు! బండి తాత రాసిన గడిలోనే కదిలింది. ఆఖరి స్టేషన్‌లో దిగి రోడ్డు దాటితే చెరువు. చుట్టూ కొండలు, వాటి నీడ నీళ్ళలో. పడవ ముందు భాగాన కూర్చుని, జుట్టంతా మొహం మీద పడుతుంటే, నేను ఒక్కదాన్నే ఇంత దూరం వచ్చానని మొదటిసారి నాకు తెలిసింది. బెంచీ మీద అవ్వ కట్టిచ్చిన పులిహోర తిన్నాను, సరిగ్గా ఆరు గడులు. అయిదుంబావుకి తిరుగుబండి ఎక్కేశాను. నేను బండెక్కుతుంటే జనం అప్పుడే దిగుతున్నారు, పిల్లలూ ఐస్‌క్రీములూ సందడీ. వీళ్ళకేం పిచ్చి, చీకటి పడబోతుంటే వస్తున్నారు అనుకున్నాను.

గదికి చేరేసరికి ఆరున్నర. బయట మిట్టమధ్యాహ్నంలా ఎండ. ఏడయింది, ఎండ. ఎనిమిదయింది, ఎండ. తొమ్మిది దాటాక గానీ సూర్యుడు దిగలేదు మహానుభావుడు! అక్కడ ఎండాకాలంలో పొద్దు అలాగే ఉంటుందని నాకూ తెలియదు, తాతకీ తెలియదు. కిటికీ దగ్గర కూర్చుని ఆ మూడు గంటల ఎండనీ చూస్తూ నన్ను నేను తిట్టుకున్నాను.

తిరిగొచ్చి తాతకి వాడేసిన టిక్కెట్టు ఇచ్చాను. దాని మీద యంత్రం వేసిన ముద్రని వెలుతురుకి పెట్టి చూశాడు. అంతా చెప్పించుకున్నాడు, గడి గడీ. ఎండ సంగతి చెప్పగానే మాత్రం నోరు తెరిచాడు.

"తొమ్మిదింటి దాకానా? అయ్యో అప్పా! మన సూర్యుణ్ణి పెట్టుకుని వాళ్ళూరికి గడులు వేసినానే! మూడు గంటలు మట్టిలో పోసినానే!"

నేనెంత సముదాయించినా అన్నం తినలేదు. సాయంత్రం చూస్తే, అసలు కాగితం కింద జిగురు పెట్టి ఇంకో కాగితం ముక్క అతికిస్తున్నాడు. మూడు గంటలు, ముప్పై ఆరు గడులు. మొహం వెలిగిపోతోంది. "ఈ మూడు గంటల్లో కొండ కూడా ఎక్కొచ్చు పాపా!" అన్నాడు.

"అయితే మీరే రండి తాతా. అవ్వని కూడా తీసుకుపోదాం. అవ్వ పక్కనుంటే రాత్రి ఇల్లు వదిలినట్టు కూడా కాదు."

తాత అవ్వ వైపు చూశాడు. "మిలాన్ దాకా తీసుకుపోయేది నీ పని. ఆడినుంచి నా పని," అన్నాడు.

ఆయన తమాషాకి అనలేదని నాకు తెలుసు. కానీ నా పెళ్ళి వచ్చింది, యలహంకకి మారాం, ఉద్యోగం మారింది, పాప పుట్టింది. వెళ్ళినప్పుడల్లా "వచ్చే ఏడు తాతా" అనేదాన్ని. "గడులు ఉండాయిలే," అనేవాడు. ఒక్కసారి కూడా గట్టిగా అడగలేదు. ఆ తర్వాత ఆయనకి గుండె జబ్బు. ఆయన పని ఆయన ఎప్పుడో చేసి పెట్టుకున్నాడు. నా పనే నేను చేయలేదు. ఇది ఇక్కడ రాసుకుంటే బరువు తగ్గుతుందేమోనని రాస్తున్నాను, తగ్గట్లేదు.

పదకొండో రోజు అందరూ వెళ్ళాక అవ్వ క్యాలెండర్ వెనక చెయ్యి పెట్టి ఆ కాగితం తీసింది. మడతల దగ్గర చిరిగి, టేపు వేసి ఉంది. ఒళ్ళో పరుచుకుని వేలు పెట్టి చూపించింది.

"ఎర్రది ఆయన. నీలిది నేను. నీకిచ్చింది నకలు కదా, ఇది మాది. నా కాలు విరిగిన దినం నుంచి ఆయన మనసులో రెండు గీతలే."

అవ్వ వేలు కిందికి జరిగింది. అతుకు దగ్గర ఎర్రగీత ఆగిపోయింది. నీలిగీత ఆ ముప్పై ఆరు గడుల్లోకి దిగింది, కొండ మీదికి పోయింది, కిందికి వచ్చింది. దాని పక్కనే, కొంచెం వంకరగా, ఒక పచ్చగీత.

"పోయిన ఏడు ఆసుపత్రి నుంచి వచ్చినాక గీసినాడు. కండ్లు సరిగా కనపళ్ళేదు అప్పటికే."

"పచ్చది ఎవరవ్వా?"

"నువ్వంట," అంది. "ఒంటిపోగు నిలబడదంట కదా."

ఇద్దరం చాలాసేపు ఏడ్చాం. తర్వాత అవ్వ కొంగుతో ముక్కు తుడుచుకుని, కాగితం జాగ్రత్తగా మడిచి, నాకేసి చూసింది. "ఆ కొండ బండిలో కూర్చునే పోవచ్చు కదా పాపా, కాలు నొప్పి లేకుండా?" అంది. పోవచ్చన్నాను. "అయితే నాకు పాస్‌పోర్టు చేయించు."

నిన్న అవెన్యూ రోడ్డు పక్కన ఫోటో స్టూడియోకి తీసుకుపోయాను. అవ్వకి ఇదే మొదటి ఒంటరి ఫోటో. తెల్ల గుడ్డ ముందు స్టూలు మీద కూర్చుంది, గళ్ళ కాగితం ఒళ్ళో రెండు చేతులతో పట్టుకుంది. ఫోటోలో అది పడదు, మొహమే పడుతుంది. ఫోటో తీసే అతను లైట్లు అటూ ఇటూ జరుపుతూ, తల ఎత్తండి, కొంచెం దించండి అంటూ ఉన్నాడు. అవ్వ ఓపికగా ఎత్తింది, దించింది, మళ్ళీ ఎత్తింది.

"బేగ తీయప్పా," అంది చివరికి. "మాకు బండికి టైమాయె."