దోమతెర కోసి చేసిన చేతివల

మూడు కొరమీన్లు నా చేతిదాకా వచ్చి పోయాయి. గాలానికి పడ్డాయి, కట్ట రాళ్ల దాకా వచ్చాయి, తీరా దారం పట్టి పైకి ఎత్తబోతే ఒక్క విదిలింపుతో కొక్కెం విడిపించుకుని పోయాయి. అసలు పడని చేప మీద నాకు కోపం లేదు. తెల్లటి పొట్ట చూపించి మరీ పోయిన చేప మీద మాత్రం ఇన్నేళ్లయినా ఒళ్లు మండుతుంది.

అవి యుద్ధం రోజులు. నేను చిత్తూరు కోర్టులో నకళ్లు రాసే గుమాస్తాను. పెళ్లయి రెండేళ్లు. నా భార్య మా మేనత్త కూతురే. ఆ ఏడు వానలు వెనకబట్టాక ఆమెకు చలిజ్వరం పట్టుకుంది. ఆ జ్వరానికి వేసే కొయినా మాత్రలు దొరికిననాడు దొరికేవి, లేనినాడు లేవు. రోజు విడిచి రోజు, సాయంత్రం అయిదు గంటలయ్యేసరికి చలి వచ్చేది. వేళకు రావడంలో మొగుడికంటే అదే నయం. మూడు దుప్పట్లు కప్పినా మంచం కోళ్లు నేలకేసి టకటకా కొట్టుకునేవి. ఆ చప్పుడు నేను వినలేకపోయేవాణ్ని.

తిన్నదేదీ ఆమె కడుపులో నిలిచేది కాదు. చెయ్యెత్తితే గాజులు మోచేతిదాకా జారేవి. మా అత్త నావైపు చూసేది, నేను గోడవైపు చూసేవాణ్ని. ఈ పిల్ల బతకదేమోనని ఇద్దరికీ భయమే, ఇద్దరం పైకి అనేవాళ్లం కాదు.

అట్లాంటప్పుడు ఒకరోజు ఆమె నోరు తెరిచి, "కొరమీను పులుసయితే రెండు ముద్దలు తింటానేమో" అంది.

నాకు పని దొరికింది. సంతకు వచ్చే ఒకటీ అరా కొరమీన్లు వచ్చినట్టే పెద్ద ఇళ్లకు పోయేవి. అందుకని కోర్టు వదలగానే ఇంటికి రాకుండా సైకిలెక్కి ఊరి బయటి చెరువుకు పోయేవాణ్ని. ఆ చెరువుకు ఒక కట్టుబాటు ఉండేది. చేపల గుత్త ఏటా ఎవరో ఒకరు పాడుకుంటారు. వల వేసే హక్కు ఆ గుత్తదారుకే. గాలం మాత్రం ఎవరైనా వేసుకోవచ్చు. ఒక్క కొక్కెంతో ఎవడు చెరువు ఖాళీ చేస్తాడులే అని పెద్దలు వదిలేసినట్టుంది. గుత్తదారు తరఫున ఒక ముసలామె కావలి ఉండేది. తుమ్మచెట్టు నీడలో కూర్చుని వక్క నములుతూ నా గాలం వంక కాకుండా నా కాళ్ల వంక చూసేది. కప్పపిల్లను కొక్కేనికి గుచ్చి వేసి అయిదు నిమిషాలు ఈ రాయి మీద, అయిదు నిమిషాలు ఆ రాయి మీద నిలబడేవాణ్ని.

"కాళ్ల కింద నిప్పులేమన్నా పోసినారా అప్పా?" అని అడిగేది.

మూడో చేప పోయిన మర్నాడు కోర్టు కాగితాలు తీసుకుని జడ్జి దొర బంగళాకు పోయాను. వసారా గోడకు పొట్టి పిడి ఉన్న చిన్న వల వేలాడుతోంది. దొర ఎండాకాలం నీలగిరికి పోతాడనీ, అక్కడి చల్లటి ఏళ్లలో ఈకలతో కట్టిన ఉత్తుత్తి ఈగను ఎర వేసి ట్రౌటు అనే చేపలు పడతాడనీ, చిక్కిన చేపను గట్టు దగ్గర ఈ వలతో ఎత్తుకుంటాడనీ బంట్రోతు చెప్పాడు. ఆ రోజు రాసిన నకళ్లన్నీ తప్పులే.

ఎత్తే వల కూడా వలేనా? చేపను పట్టేది గాలం, ఇది ఉత్త సంచి. కోర్టు గుమాస్తాను గనుక నాలో నేనే వాదించుకుని నాలో నేనే తీర్పు చెప్పేసుకున్నాను. మరి అట్లాంటిది కుట్టడానికి గుడ్డ? గుడ్డ రేషను చీటీల మీద ఇచ్చే కాలం. నీళ్లు జారిపోయేంత పలచటి గుడ్డ మా ఇంట్లో ఒక్కటే ఉంది, ఆమె మంచానికి కట్టిన దోమతెర.

తప్పని తెలిసే చేశాను. పొద్దున ఆమె నిద్రలో ఉండగా, కాళ్ల వైపు మూరెడు ముక్క కత్తిరించాను. చేప తెచ్చాక మళ్లీ కుట్టేద్దాం అనుకున్నాను. దోమలు తెచ్చిన జబ్బుకు దోమతెర కోసిన మొనగాణ్ని ఈ జిల్లాలో నేనొక్కణ్నే అయి ఉంటాను. మధ్యాహ్నం కోర్టు వెనక కూర్చుని వెదురుబద్ద గుండ్రంగా వంచి, ఆ ముక్కను దానికి కుట్టాను.

ఆ సాయంత్రమే నాలుగో కొరమీను పడింది. ఎప్పటిలాగే లాగేశాను. రాళ్ల దగ్గర అది విదిలించేలోపల కింద వల పెట్టి ఎత్తాను. గట్టు మీద పెట్టి, మోకాలితో అదిమి, గెలిచాననుకున్నాను. తలెత్తితే ఎదురుగా ముసలామె.

"అదేంది?"

"సంచి, అవ్వా."

"నీళ్లు కారిపోయే సంచిని మేము వల అంటాం. గాలంతో పడితే నీది, వలతో ఎత్తితే గుత్తదారుది."

ఇంటి సంగతి చెప్పాను. జ్వరం, గాజులు, రెండు ముద్దలు, అంతా చెప్పాను. ఆమె అంతా విని చేప మీదికి వంగింది.

"కొక్కెం ఇంకా నోట్లోనే ఉండాదే. నీళ్లలోకి ఇడువు. సేత్తో ఎత్తు. అప్పుడు నీది."

ఆమెను చెరువులోకి తోసేయాలన్నంత కోపం వచ్చింది. చేతికొచ్చిన చేపను మళ్లీ నీళ్లలో వదలడమా? కానీ వదిలాను. అది నీళ్లు తగలగానే దూసుకుపోయింది, దారం చేతిని కోసుకుంటూ పరిగెత్తింది. నేను లాగబోయాను.

"లాగొద్దు. ఇడిసీ పెట్టొద్దు. ఊరికే పట్టుకోని నీళ్లలో కూసో."

పంచె తడుస్తుంటే నడుం లోతున కూర్చున్నాను. నా జన్మలో అంతసేపు కదలకుండా ఉన్నది అప్పుడే. చేప పోయింది, వచ్చింది, మళ్లీ పోయింది. చివరికి అలిసిపోయి పక్కకు ఒరిగి నా మోకాళ్ల దగ్గరికి తనే వచ్చింది. పొట్ట కింద అరచెయ్యి పెడితే కొట్టుకోవడం మానేసింది. అట్లాగే ఎత్తాను.

"ఇప్పుడు తీసకపో. ఇది మాత్రం ఈడనే ఉంటాది" అని ముసలామె వల లాక్కుంది.

ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టారు. అత్త చేప అందుకుంది గానీ నా మొహం చూడలేదు. ఆ రోజు చలి వచ్చే రోజు. అప్పటికే వచ్చి పోయింది. నా భార్య చెమటతో తడిసి పడుకుని ఉంది. కాళ్ల దగ్గర తెర చిరుగులో పాత చీర పేలిక కుక్కి ఉంది.

"తెర కోసింది నువ్వేనా బావా?" అంది.

అంతా చెప్పాను. వల సంగతి విని కొంచెం నవ్వింది కూడా. తర్వాత మెల్లగా అంది.

"సేపను నేను అడిగింది ఒక్కనాడే. అది వంక పెట్టుకోని పది దినాలుగా సలి వచ్చే పొద్దుకు నువ్వు ఈ గదిలో లేవు. యాడికి పోయినాడని అమ్మను అడిగి అడిగి, అడగడం ఇడిసిపెట్టినా."

సిగ్గుతో చచ్చిపోయాను. ఆమె చెప్పేదాకా నిజంగా చేప కోసమే పోతున్నాననుకున్నాను. ఆ మంచం చప్పుడు వినపడనంత దూరం పోతున్నానని నాకే తెలియదు. పులుసు చేసి పెడితే రెండు ముద్దలు తిని ఇక చాలంది. నేను గిన్నె వంకే చూస్తూ కూర్చున్నాను.

మూడోనాడు కోర్టు నుంచి తిన్నగా ఇంటికి వచ్చాను. అయిదు గంటలకు చలి వచ్చింది. మంచం కోళ్లు కొట్టుకోవడం మొదలైంది. లేచి వాకిట్లోకి పోదామని రెండుసార్లు అనిపించింది. పోలేదు. చిరుగులోని పేలిక తీసి, అందులోంచి చెయ్యి పెట్టి ఆమె పాదం పట్టుకున్నాను. గట్టిగా అదమలేదు, వదలనూ లేదు. వణుకు దిగేసరికి పొద్దు పోయింది. తెర బయట ఉన్న నా మోచెయ్యంతా దోమలు కుట్టి దద్దుర్లు లేచాయి.

అప్పుడు ఆమె వాళ్లమ్మను పిలిచి ఆకలేస్తాండాది, ఇంత మజ్జిగన్నం పెట్టమంది. చేప మాటే ఎత్తలేదు.