తెల్లగా ఉతికినవాళ్ళ పేరు

ఆయన అసలు పేరు వీధిలో ఎవరికీ అక్కర్లేదు. ఉతికిన బట్ట చేతికిస్తూ ప్రతిసారీ "చూసుకోండి, మల్లెపువ్వే!" అంటాడు కాబట్టి అందరికీ మల్లెపువ్వు మామయ్యే. ముందు గదిలో ఇస్త్రీ బల్ల, వెనక గదిలో రెండు సిమెంటు తొట్లు, మేడ మీద కాపురం. ఏ ఇంటి బట్టకు ఆ ఇంటి గుర్తు, లోపలి అంచున రంగు దారంతో రెండు కుట్లు. సబ్బునీళ్ళలో నాని నాని వేళ్ళు ముడతలు పడ్డాయి గానీ, నోటికి మాత్రం ఏనాడూ అలుపు లేదు.

అంతటి నోరూ ఒకసారి మూతపడింది. కూతురు బళ్ళో టీచరు. తోటివాళ్ళతో "నాన్నది వ్యాపారం" అని చెప్పుకుంది. అందులో అబద్ధమేముంది చెప్పండి? ఒకనాడు ఆ పిల్ల కొట్లో ఉండగానే వాళ్ళ హెడ్‌మేడమ్ చీరల కోసం వచ్చింది.

"అరె, నువ్వూ ఇక్కడే ఇస్తావా?" అంది ఆవిడ.

కూతురు తండ్రి వైపు తిరిగి, "నా చీర ఇంకా అవలేదాండీ?" అనేసింది.

ఆయన మల్లెపువ్వు మాటే ఎత్తకుండా ఆవిడ చీరలు ఆవిడకిచ్చి, "సాయంత్రం రండమ్మా," అన్నాడు. కన్నకూతుర్ని పట్టుకుని 'రండి' అన్నాడు! ఆ పూట ఇద్దరూ చెరో వేళకి భోంచేశారు.

ఆ ముల్లు గుండెలో అలా ఉండగానే, మసీదులో పాఠం చెప్పే మౌల్వీగారు బట్టల కోసం వచ్చారు. ఖుర్ఆన్‌లో వచ్చే జనాల పేర్ల గురించి ఆదివారం ఆదివారం చెబుతున్నారాయన. యహూద్, అంటే యూదులు, 'నీ వైపు తిరిగొచ్చాం' అని దేవుడితో అన్నవాళ్ళని కొందరు, యాకూబ్ కొడుకు యహూదా పేరు మీద వచ్చిందని ఇంకొందరు. నసారా, అంటే క్రైస్తవులు, నాసిరా అనే ఊరివాళ్ళని ఒక మాట, సాయం చేసినవాళ్ళని మరో మాట. మామయ్య ఇస్త్రీ చేస్తూనే, "వచ్చే వారం ఎవరి గురించండీ?" అని అడిగాడు.

"హవారీల గురించి. ఈసా ప్రవక్త, అదే యేసు, ఆయన వెంట నిలిచినవాళ్ళు. ఆ పేరు అరబ్బీలో తెలుపు అనే మాటలోంచి వచ్చిందంటారు. వాళ్ళు బట్టలు తెల్లగా ఉతికేవాళ్ళని కొందరు పెద్దలు రాశారు మామయ్యా."

ఇస్త్రీపెట్టె ఎక్కడిదక్కడే ఆగిపోయింది. మౌల్వీగారి చొక్కా చెయ్యి కాస్త మాడింది కూడా, పాపం.

మామయ్య 'ఉతికేవాళ్ళు' అన్నది పట్టుకుని 'కొందరు' అన్నది గాలికొదిలేశాడు. బట్టల కోసం వచ్చిన వాళ్ళందరికీ అదే పాట. "ప్రవక్త పక్కన నిలబడిందెవరనుకున్నారు? మావాళ్ళే!" చివరికి కూతుర్నీ పిలిచాడు. "ఆదివారం నువ్వు రావాలమ్మా. నా పని ఎలాంటిదో నేను చెబితే వినవు. పెద్దల నోట విను."

"వస్తాలే నాన్నా," అంది ఆ పిల్ల, మొహం చూపించకుండా.

ఆదివారం మామయ్య మొదటి వరసలో కూర్చున్నాడు. తెర వెనక, ఆడవాళ్ళ వైపు, కూతురు. ఆమె పక్కనే హెడ్‌మేడమ్. ఆవిడ ప్రతి వారం వస్తుందని ఆ పిల్లకు తెలుసు. తెలిసే వచ్చింది.

మౌల్వీగారు ఉన్నదున్నట్టు చెప్పారు. బట్టలు ఉతికేవాళ్ళు కాబట్టి ఆ పేరని కొందరు. మనసులు తెల్లనివి కాబట్టి అని కొందరు. హబషీ భాషలో, అంటే ఇథియోపియా వాళ్ళ భాషలో, దూత అనే మాట నుంచి వచ్చిందని ఇంకొందరు. "నా మనసు మాత్రం ఈ చివరిదాని వైపే మొగ్గుతుంది," అన్నారు.

"అయ్యో మామయ్యా, మల్లెపువ్వు వాడిపోయిందే!" అన్నాడు వెనక నుంచి పచారీ కొట్టతను. అంతా గొల్లుమన్నారు.

మామయ్యకు తల కొట్టేసినట్టయింది. మౌల్వీగారి మీద మండిపోయింది, అంతకన్నా తన మీద తనకే మండింది. నోరు మూసుక్కూర్చోక కూతుర్ని ఎందుకు రమ్మన్నట్టు? తండ్రి నవ్వులపాలవడం చూడ్డానికా? తెర వైపు తల తిప్పడానికి కూడా ఆయనకు ధైర్యం చాల్లేదు.

అప్పుడు ఆ తెర వెనక నుంచే గొంతు వినిపించింది.

"మౌల్వీగారూ, ఒకటి అడగొచ్చా? మా నాన్న బట్టలు ఉతుకుతారు. ఇప్పుడు మీరంతా నవ్వారే, ఆయనే. హవారీలు బట్టలు ఉతికేవాళ్ళని రాసిన ఆ పెద్దలు, అది వాళ్ళకు చిన్నతనమని అనుకున్నారా?"

పచారీ కొట్టతను తల దించుకున్నాడు.

"లేదమ్మా," అన్నారు మౌల్వీగారు. "అలా అనుకుంటే రాసేవారే కాదు."

పక్కనున్నాయన మోచేత్తో పొడిచాడు. "మామయ్యా, మౌల్వీగారు ఏమన్నారో విన్నావా?"

మామయ్య కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"విన్నా, విన్నా. అది మా అమ్మాయి," అన్నాడు.