అప్పన్న దర్శనానికి కొబ్బరిపొట్టు తలంటు

నా తెలివితేటల పుణ్యమా అని మా అత్తగారు సింహాద్రి అప్పన్న దర్శనానికి ఏ అవతారంలో వెళ్లారో చెబుతాను. నవ్వండి, ఫర్వాలేదు. మా పెందుర్తి వీధి వీధంతా ఎప్పుడో నవ్వేసింది.

పెళ్లైన కొత్త. మేడ మీద కుండీల్లో టమాటా నారు పెంచే పిచ్చి నాకు. నర్సరీలో కొనే ఎరువు సంచిలో ఉండే పీట్‌ను, అంటే కుళ్లిన నాచుమట్టిని, ఎక్కడో చలిదేశాల చిత్తడి నేలలు తవ్వి తెస్తారనీ, ఆ నేల మళ్లీ తయారవడానికి వేల ఏళ్లు పడుతుందనీ ఫోనులో చదివాను. ఇక కాలు నిలిస్తేనా! ఆ సాయంత్రమే పూర్ణా మార్కెట్‌కి పరిగెత్తి, దానికి బదులు కొబ్బరిపొట్టును నొక్కి చేసిన ఇటుకలు బస్తాడు తెచ్చాను.

"ఏటే, ఇల్లు కడతన్నావేటి?" అన్నారు అత్తగారు.

"కాదత్తా, భూమిని కాపాడతన్నాను!"

"ముందు రేపు నన్ను కొండకి తీసుకెల్లు. పోయినేడు జొరమొచ్చి ఉండిపోనాను. ఈసారీ తప్పిపోతే నానూరుకోను."

ఆవిడ ఆత్రం నిజమే. ఏడాదంతా చందనం పూతలో ఉండే స్వామి అసలు రూపం కనబడేది, ఆ పూత ఒలిచే ఆ ఒక్కరోజే.

బకెట్ నీళ్లకి ఒక్క ఇటుకే వేసి నానబెట్టాలని కవరు మీద రాసుందట. అది చదివే ఓపిక ఉంటే నేను నేనెందుకవుతాను? స్నానాలగదిలో డ్రమ్ము నిండా నీళ్లు కనిపించాయి. బస్తా మొత్తం అందులో దించి, మూత పెట్టి, హాయిగా పడుకున్నాను. మర్నాడు కుళాయి రాని రోజని గుర్తుంటే కదా!

తెల్లారకముందే కరెంటు పోయింది. బిందెల్లో నీళ్లన్నీ కాచి అత్తగారికి బకెట్‌లో పోసిచ్చాం, చాలకపోతే డ్రమ్ముందిగా అని. అందులో ఇటుకలు నానేసిన సంగతే మరిచాను. ఆవిడ కుంకుడు రసం తలకి పట్టించి, మంటకి కళ్లు గట్టిగా మూసుకుని, బకెట్ ఖాళీ అవగానే తడుముకుంటూ డ్రమ్ము మూత నెట్టి, చెంబు ముంచి నెత్తిన గుమ్మరించుకున్నారు.

"ఓలమ్మో! నెత్తి మీద ఏటో పడిందర్రా!"

ఫోను లైటుతో పరిగెత్తాను. డ్రమ్ములో చుక్క నీరు లేదు. తడిపొట్టు పులిసిన ఇడ్లీ పిండిలా అంచు దాటి పొంగింది. అత్తగారు తల నుంచి భుజాల దాకా గోధుమరంగు.

"ఏటే ఇది?"

"పొట్టత్తా."

"మరి నీళ్లేవే?"

"అదే తాగేసిందత్తా."

బయట ఆటో హారన్. మా ఆయన గుమ్మంలో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నారు. "అమ్మా, ఆటోవోడు ఎల్లిపోతాడంట! బేగి రాయే!"

అత్తగారి కళ్లలో నీళ్లు. కుంకుడు మంటో, ఈ ఏడూ దర్శనం పోతుందన్న దిగులో! నా ప్రాణం ఉసూరుమంది. తాగే నీళ్ల క్యాను తెచ్చి ఆవిడ తల మీద బోర్లించాను. ఆ పొట్టు వదిలితే కదా! దువ్వెన నిండింది గానీ జుట్టు ఖాళీ అవలేదు.

"ఇలాగే ఎల్లిపోదాం పదండెహె!" అంటూ ఆవిడే ముందు ఆటో ఎక్కేశారు.

కొండ మీద క్యూలో వెనకావిడ ఉండబట్టలేక అడిగింది. "ఏటి పిన్నీ, తలనిండా ఆ పూతేటి?"

"ఏడాదంతా పూసుకున్నది సామి ఇయ్యాల తీసీసినాడు కదమ్మా," అన్నారు అత్తగారు తాపీగా. "మా కోడలు నాకు పూసీసింది."

క్యూ అంతా గొల్లుమంది. నేను మా ఆయన వెనక దాక్కున్నాను. స్వామిని కళ్లారా చూసి బయటికొచ్చాక, "బాగా సూసేనే" అని ఆవిడ నా చేయి పట్టుకున్నారు. అప్పుడుగానీ నా గుండె కుదుటపడలేదు.

అక్కడే, అప్పన్న సాక్షిగా ఒట్టేశాను. ప్రాణం పోయినా పీట్ సంచి కొనను. ప్రాణం పోయినా మా అత్తగారి తలంటు రోజున భూమిని కాపాడను.