బాగానే ఉన్నాం

ఆరోగ్య ఆర్థికశాస్త్రం అంటే ఏమిటని ఎవరడిగినా ప్రొఫెసరమ్మ ఒకే మాట చెప్పేది: "ఉన్న నలుగురు డాక్టర్లనీ ఏ వీధికి పంపాలో తేల్చే చదువు." ఇరవై రెండేళ్లుగా ఆ తేల్చే పనిలోనే ఆమె జుట్టు నెరిసింది. కాళ్లరిగేలా ఇల్లిల్లూ తిరిగి తయారుచేసిన ఆమె ప్రశ్నాపత్రమే ఇప్పుడు సర్వేలన్నింటికీ ఆధారం. మొదటి ప్రశ్న, "బాగున్నారా?" మొహమాటం పోగొట్టడానికి పలకరింపులా పెట్టానని గొప్పగా చెప్పుకునేది. ఎక్కువ మార్కులూ దానికే.

ఆ మార్కుల ప్రకారం మిల్లు వెనక పేట అన్నింటికంటే ఆరోగ్యంగా ఉందని తేలింది. అక్కడి ఆస్పత్రి మూసేయాలని ఇవాళ పదకొండింటికి కమిటీ తీర్మానం చేయబోతోంది. సిఫారసు కింద సంతకం ఆమెదే.

వెళ్తూ వెళ్తూ ఆ పేటలోనే ఉండే పిన్నిని చూద్దామని ఆగింది. పిన్ని మంచం అంచున రెండు చేతులూ ఆనించి ఎగశ్వాసతో కూర్చుంది. పాదాలు చెప్పుల్లో పట్టనంతగా వాచాయి.

"బాగున్నావా పిన్నీ?"

"ఆఁ, బాగానే ఉన్నానమ్మా. నువ్వో?"

"మరి ఈ ఆయాసం?"

"ఇది నెల్లాళ్ల నుంచీ ఉన్నదే. బాగున్నావా అని పలకరిస్తే లేనని ఎలా అంటానే?"

"మా సర్వే ఆవిడకీ ఇలాగే చెప్పావా?"

"వీధి వీధంతా అలాగే చెప్పాం. ఎండన పడి వచ్చింది పాపం, ఆవిడ దగ్గర మా రోగాలు ఏకరువు పెడతామా?"

పిన్నిని రెండు వీధుల అవతల, మూతపడబోతున్న ఆ ఆస్పత్రిలోనే చేర్చింది. ఇంకో రెండు రోజులు ఆగితే దక్కేది కాదన్నాడు డాక్టరు. అక్కణ్ణించి కమిటీ గదికి బయల్దేరింది. నోరు విప్పితే పరువు, పదవి, రాసిన పుస్తకాలు అన్నీ గంగలో కలిసినట్టే. విప్పకపోతే అడిగేవాడే లేడు. అంత చదివిన మనిషికి సొంత భాషలో పలకరింపేదో ప్రశ్నేదో తెలియలేదంటే ఎవరు మాత్రం నమ్ముతారు?

"రండి మేడం, బాగున్నారా?" అన్నాడు చైర్మన్.

"బాగున్నానండి," అనేసింది, అలవాటుగా. కూర్చోబోయి ఆగిపోయింది.

"లేదండి, బాగాలేను. మీరు పలకరించారని అలా అన్నాను. ఆ పేట వాళ్లూ అలాగే అన్నారు. తప్పు నా ప్రశ్నది. సంతకం వెనక్కి తీసుకుంటున్నాను."

చైర్మన్ కళ్లజోడు తీశాడు. "మరి ఇన్నేళ్లలో మీ మాట మీద మూసేసినవి?"

"ఏడు ఆస్పత్రులండి," అంది. ఏ పేటలో ఏది మూయించిందో ఆమెకు కంఠతా వచ్చు.